థండర్‌బర్డ్‌లో మెయిల్స్ ఎలా దాచుకోవాలి: ఎంబాక్సా, మెయిల్‌డిరా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్ల దుకాణాల్లో, రైస్ మిల్లుల్లో, ఆడిటర్ ఆఫీసుల్లో మెయిల్ చూడటానికి ఇప్పటికీ థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంనే నమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఒడిశా రిజిస్ట్రేషన్‌కి ఒక మెయిల్ ఐడీ, సరిహద్దు దాటితే పాతపట్నంలో ఉన్న ఆంధ్రా బ్రాంచికి ఇంకొకటి, ఓనరు గారి సొంతది మరొకటి. అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. నెట్ పోయినా పాత ఇన్‌వాయిస్ తెరుచుకుంటుంది. అందుకే దాన్ని వదలరు, వదలక్కర్లేదు కూడా.

కాకపోతే ఆ మెయిల్స్ హార్డ్ డిస్క్ మీద ఏ రూపంలో ఉంటున్నాయో ఒక్కసారైనా చూసుకోవాలి. థండర్‌బర్డ్‌లో రెండు పద్ధతులున్నాయి. ఎంబాక్స్ పద్ధతిలో ఒక ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నీ కలిపి ఒకే ఫైలుగా ఉంటాయి. మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి మెయిల్‌కీ విడిగా ఒక ఫైలు ఉంటుంది. ఒకటి ఖాతా పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోవడం, రెండోది రసీదులు విడివిడిగా ఫైల్లో పెట్టుకోవడం అనుకోండి. మీరేమీ ఎంచుకోకపోతే ఎంబాక్సే వస్తుంది. ఎంచుకోవాలంటే అకౌంట్ పెట్టేముందే ఎంచుకోవాలి, పెట్టాక మార్చడం పెద్ద పని.

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలూ రికార్డులూ వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలి. మన దగ్గర పర్చేజ్ బిల్లులు, ఈ-వే బిల్లు కాపీలు, పార్టీల కన్ఫర్మేషన్లు చాలామటుకు మెయిల్లో అటాచ్‌మెంట్లుగానే పడి ఉంటాయి. ఆరేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి కాబట్టే ఈ ఎంపికకి ఒక పూట కేటాయించమంటున్నాను.

అసలు కాపీ ఎక్కడుందో తేల్చుకోండి

ఫార్మాట్ సంగతి తర్వాత. ముందు అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో అకౌంట్ కింద సర్వర్ సెట్టింగ్స్ నొక్కండి. పైన సర్వర్ టైప్ అన్నచోట ఐమ్యాప్ అని గానీ పాప్ అని గానీ ఉంటుంది.

ఐమ్యాప్ అయితే అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంది. మీ డిస్క్ మీద ఉన్నది నకలు. డిస్క్ పోయినా, కొత్త కంప్యూటర్‌లో అదే అకౌంట్ పెట్టుకుంటే మళ్లీ దిగుతుంది. ఇక్కడ ఏ ఫార్మాట్ ఎంచుకున్నా ప్రాణం మీదికి రాదు.

పాప్ అయితే జాగ్రత్త, మెయిల్ మీ డిస్క్ మీదికి దిగిపోతుంది. మెయిల్స్‌ని సర్వర్‌లో వదిలేయాలా, ఎన్నాళ్లు వదిలేయాలా అన్న గడులు అదే పేజీలో ఉంటాయి. అక్కడ 14 రోజులు అని ఉంటే, 15వ రోజు నుంచి ఆ మెయిల్‌కి లోకంలో ఉన్న ఒకే ఒక్క కాపీ మీ టేబుల్ కింద ఉన్న సీపీయూలోనే. సొంత డొమైన్ పేరు మీద చిన్న కంపెనీ మెయిల్ పెట్టుకున్నచోట, సర్వర్‌లో స్థలం తక్కువని ఇలా పాప్ పెట్టేసి వెళ్లిపోతుంటారు. దాని సంగతి ఓనరుకి తెలిసే ఉంటుందని అనుకోకండి.

ఐమ్యాప్ వాడేవాళ్లు కూడా గమనించని చోటు ఒకటుంది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోతోందని పాత మెయిల్స్‌ని ఎడమపక్క ఉన్న లోకల్ ఫోల్డర్స్‌లోకి లాగేస్తారు. లాగిన మరుక్షణం అవి సర్వర్‌లోని ఆ ఫోల్డర్ నుంచి వెళ్లిపోతాయి. ఇక వాటికి మీ డిస్కే దిక్కు. లోకల్ ఫోల్డర్స్‌లో ఏమైనా ఉంటే, మీది ఐమ్యాప్ అయినా సరే, బ్యాకప్ విషయంలో పాప్ వాడేవాళ్లలాగే ఆలోచించండి.

ఐమ్యాప్‌కి మారే వీలుంటే మారిపోండి. ఫార్మాట్ గురించి నేను చెప్పబోయే మాటలన్నిటికంటే ఆ ఒక్క పని ఎక్కువ కాపాడుతుంది.

ఎంబాక్స్ లోపలికి చూద్దాం

హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని ఒక వరస, పక్కనే ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటాయి. నొక్కండి. లోపల మెయిల్ అని ఒకటి, ఐమ్యాప్‌మెయిల్ అని ఒకటి కనిపిస్తాయి. వాటిలోకి వెళ్తే ఇన్‌బాక్స్ అనే పేరుతో, వెనకాల ఏ ఎక్స్‌టెన్షనూ లేని ఫైలు ఒకటి, అదే పేరుతో చివర ఎంఎస్ఎఫ్ అని ఉన్న చిన్న ఫైలు ఒకటి ఉంటాయి. పెద్దదే మీ మెయిల్. చిన్నది ఇండెక్స్ మాత్రమే, అది పాడైతే థండర్‌బర్డ్ మళ్లీ కట్టుకుంటుంది. ఫోల్డర్ జాబితాలో మెయిల్స్ తికమకగా కనిపిస్తే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కితే జరిగేది అదే.

థండర్‌బర్డ్ మూసేసి, ఏదైనా చిన్న ఫోల్డర్ తాలూకు పెద్ద ఫైల్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలు ఫైల్ని మాత్రం ముట్టుకోవద్దు. ప్రతి మెయిలూ ఫ్రమ్ అనే ఇంగ్లీషు మాట, దాని వెనక ఒక ఖాళీ ఉన్న లైనుతో మొదలవుతుంది. ఒక మెయిల్ ఎక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలిసేది ఆ లైనుతోనే. ఎవరైనా ఉత్తరం మధ్యలో అదే మాటతో లైను మొదలుపెడితే గందరగోళం రాకుండా దాని ముందు ఒక బాణం గుర్తు చేరుస్తారు. అటాచ్‌మెంట్లు అర్థం కాని అక్షరాల వరసలుగా, పేజీలకి పేజీలు కనిపిస్తాయి. అలా అక్షరాలుగా మార్చడం వల్లే 3 ఎంబీ స్కాన్ కాపీ మెయిల్లో 4 ఎంబీ దాటుతుంది. తెలుగు, ఒడియా సబ్జెక్టులు కూడా ఇలాగే మారిపోయి ఉంటాయి కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెలుగు మాట వెతికితే దొరక్కపోవచ్చు. మెయిల్ పోయిందని కంగారు పడకండి, థండర్‌బర్డ్‌లో వెతికితే దొరుకుతుంది.

ఇది యూనిక్స్ అనే పాత కంప్యూటర్ వ్యవస్థ కాలం నాటి పద్ధతి. 2005లో ఆర్ఎఫ్‌సీ 4155 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోకి కూడా ఎక్కింది. దీని అసలు బలం ఈ పాతదనమే. ఎన్నో మెయిల్ ప్రోగ్రాంలు దీన్ని చదువుతాయి. గూగుల్ టేక్‌ఔట్ నుంచి జీమెయిల్ మొత్తం దించుకుంటే వచ్చేది కూడా ఎంబాక్స్ ఫైలే. ఆరేళ్ల తర్వాత ఏ ప్రోగ్రాం వాడుతున్నా ఇది తెరుచుకునే దారి ఏదో ఒకటి ఉంటుంది.

ఇబ్బంది డిలీట్ దగ్గర వస్తుంది. మీరు మెయిల్ తీసేస్తే ఫైల్లోంచి అది పోదు, తీసేసినట్టు గుర్తు మాత్రం పడుతుంది. ఫైలు సైజు తగ్గదు. కంపాక్ట్ చేసినప్పుడే థండర్‌బర్డ్ ఉన్న మెయిల్స్‌ని కొత్త ఫైల్లోకి రాసి పాతదాన్ని తీసేస్తుంది. అంటే 6 జీబీ ఇన్‌బాక్స్ కంపాక్ట్ అవ్వాలంటే డిస్క్‌లో ఇంచుమించు మరో 6 జీబీ ఖాళీ కావాలి. సీ డ్రైవ్ ఎర్రగా అయిపోయిన కంప్యూటర్‌లో ఇది పూర్తవదు.

ఆ పని జరిగే కాసేపు కరెంటు ఉండాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు గజపతి, గంజాం జిల్లాల్లో కరెంటు పరిస్థితి ఎలా ఉందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తుఫాను దాకా ఎందుకు, ఎండాకాలం మధ్యాహ్నం కోతలు చాలు. యూపీఎస్ బ్యాటరీ బలహీనంగా ఉన్న సిస్టమ్‌లో పెద్ద ఫోల్డర్లని పొద్దున్నే, బ్యాకప్ తీసుకున్నాకే కంపాక్ట్ చేయండి. సెట్టింగ్స్‌లో జనరల్ కింద డిస్క్ స్పేస్ అన్నచోట, ఎన్ని ఎంబీ ఆదా అయ్యేటప్పుడు కంపాక్ట్ చేయాలో కూడా పెట్టుకోవచ్చు.

మెయిల్‌డిర్ వేరే దారి

డేనియల్ జె. బెర్న్‌స్టీన్ అనే ఆయన 1990లలో క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం దీన్ని తయారుచేశారు. వచ్చిన మెయిల్ని ముందు టెంప్ అనే ఫోల్డర్‌లో పూర్తిగా రాసి, ఆ తర్వాతే అసలు చోటికి చేరుస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ ఒక్క మెయిల్ సగంలో ఆగుతుంది గానీ పక్కనున్న వేల మెయిల్స్‌కి ఏమీ కాదు. ఒక మెయిల్ తీసేస్తే ఒక ఫైలు పోతుంది, స్థలం వెంటనే ఖాళీ అవుతుంది.

థండర్‌బర్డ్‌లోకి ఇది 2015లో, 38వ వెర్షన్‌తో వచ్చింది. వచ్చింది గానీ ఎంబాక్స్‌ని పక్కకి నెట్టి డిఫాల్ట్ కాలేదు. అదీగాక థండర్‌బర్డ్‌ది పూర్తి మెయిల్‌డిర్ కాదు. అసలు పద్ధతిలో చదివినట్టు, జవాబిచ్చినట్టు గుర్తులు ఫైలు పేరు చివర కోలన్ తర్వాత అక్షరాలుగా ఉంటాయి. విండోస్‌లో ఫైలు పేరులో కోలన్ పెట్టనివ్వరు. అందుకని థండర్‌బర్డ్ ఆ గుర్తుల్ని పేరులో రాయదు. మీ మెయిల్‌డిర్ ఫోల్డర్‌ని రేపు లినక్స్‌లో ఇంకో ప్రోగ్రాంకి ఇస్తే ఉత్తరాలు వస్తాయి, చదివినవేవో చదవనివేవో తేడా రాకపోవచ్చు.

యాంటీవైరస్ సంగతి

గుణుపురం దగ్గర ఒక మిల్లు గుమస్తా గారు ఫోన్ చేశారు.

“బాబూ, పొద్దున తెరిస్తే ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిలూ లేదు. నేనేమీ చెయ్యలేదు.”

“బాబాయ్, ముందు థండర్‌బర్డ్ మూసెయ్యండి. దేన్నీ నొక్కొద్దు. రాత్రి యాంటీవైరస్ ఏమైనా చూపించిందా?”

“ఎర్రగా ఏదో వచ్చింది. ఓకే నొక్కాను.”

కొరియర్ బిల్లు పేరుతో వచ్చిన ఒక జిప్ ఫైల్లో వైరస్ ఉంది. అది ఇన్‌బాక్స్ అనే ఒకే ఫైలు కడుపులో ఉంది. దాన్నొక్కదాన్నీ కోసి తీయకుండా యాంటీవైరస్ మొత్తం ఇన్‌బాక్స్‌నే క్వారంటైన్‌లో, అంటే అనుమానం ఉన్న ఫైళ్లని విడిగా బంధించే చోట, పడేసింది. నాలుగేళ్ల మెయిల్ కనబడకపోతే ఆయన టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. మళ్లీ తెరిచాక థండర్‌బర్డ్ కొత్తగా ఖాళీ ఇన్‌బాక్స్ ఒకటి పెట్టేసుకుంది. ఆ కొత్త ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, క్వారంటైన్ నుంచి పాతదాన్ని అదే చోటికి రీస్టోర్ చేయించి, ఆ ఒక్క మెయిల్ తీసేసి, ట్రాష్ ఖాళీ చేసి, ఫోల్డర్ కంపాక్ట్ చేస్తే సరిపోయింది. పేరు మార్చిన ఫైలు థండర్‌బర్డ్‌లో ఇంకో ఫోల్డర్‌గా కనిపించింది, కొత్త మెయిల్స్ కూడా దక్కాయి. క్వారంటైన్‌ని ఖాళీ చేసి ఉంటే మాత్రం చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

మెయిల్‌డిర్ అయి ఉంటే ఆ ఒక్క ఫైలే పోయేది. ఎంబాక్స్‌లోనే ఉండాలనుకుంటే ఈ రెండు పనులూ ఇవాళే చేయండి. యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించండి; అటాచ్‌మెంట్ని మీరు బయటికి సేవ్ చేసినప్పుడు స్కాన్ ఎలాగూ జరుగుతుంది. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, వచ్చే మెయిల్స్‌ని ఒక్కొక్కటిగా క్వారంటైన్ చేయనివ్వాలా అని యాంటీవైరస్ గురించి ఒక గడి ఉంటుంది. పాప్ వాడేవాళ్లు దానికి టిక్ పెట్టుకోండి.

పెన్ డ్రైవ్‌లో బ్యాకప్ తీసేవాళ్లకి

ఇక్కడ మెయిల్‌డిర్ తిప్పలు పెడుతుంది. 64 జీబీ పెన్ డ్రైవ్‌లు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే, మనం మార్చకపోతే, ప్రతి ఫైలుకీ కనీసం 128 కేబీ కేటాయిస్తుంది. 5 కేబీ మెయిల్ అయినా 128 కేబీ తింటుంది. అలాంటివి 20,000 ఉంటే అసలు బరువు 100 ఎంబీయే, డ్రైవ్‌లో పట్టే చోటు 2.5 జీబీ. కాపీ అవ్వడానికి పట్టే సమయం ఇంకో బాధ. కాబట్టి మెయిల్‌డిర్ ఫోల్డర్‌ని ముందు కంప్యూటర్‌లోనే జిప్ చేసి, ఆ ఒక్క ఫైల్ని పెన్ డ్రైవ్‌లోకి వేయండి.

పాత, చిన్న పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్32లో ఉంటాయి. వాటిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఎంబాక్స్ ఇన్‌బాక్స్ కాపీ కాకపోతే కారణం ఇదే.

క్లౌడ్‌కి బ్యాకప్ పంపేవాళ్ల లెక్క తిరగబడుతుంది. చాలా బ్యాకప్ ప్రోగ్రాంలు మారిన ఫైల్ని మొత్తంగా పంపుతాయి. 3 జీబీ ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిల్ చేరినా 3 జీబీ మళ్లీ పైకి వెళ్లాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి 2 జీబీ ప్యాక్ మీద నడిచే ఆఫీసులో అది కుదిరే పని కాదు. మెయిల్‌డిర్ అయితే కొత్త మెయిల్స్ మాత్రమే వెళ్తాయి. ఏ ఫార్మాట్ అయినా సరే, ప్రొఫైల్ ఫోల్డర్‌ని మాత్రం తీసుకెళ్లి వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. థండర్‌బర్డ్ రాస్తుండగానే సింక్ లాగితే ఫైళ్లు పాడవుతాయి.

మరి ఏది ఎంచుకోవాలి?

మన వైపు ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే పరిస్థితికి, అంటే మామూలు హార్డ్ డిస్క్, వారానికోసారి పెన్ డ్రైవ్, ఒకరిద్దరు వాడే సిస్టమ్ అయితే, ఎంబాక్సే పెట్టుకోండి. కానీ ఒకే పెద్ద ఇన్‌బాక్స్‌గా పెంచొద్దు. ఏడాదికో ఫోల్డర్ చేసి, రెండు రాష్ట్రాల వ్యాపారం ఉంటే జీఎస్టీ రాష్ట్ర కోడ్ ముందు పెట్టండి. ఒడిశా మెయిల్స్‌కి 21-2024, ఆంధ్రావి 37-2024. అంకెలే కాబట్టి ఏ కంప్యూటర్‌లో అయినా పేరు చెక్కుచెదరదు. తెలుగులో, ఒడియాలో పెట్టిన ఫోల్డర్ పేర్లు డిస్క్ మీద గుర్తుపట్టలేని అక్షరాలుగా మారొచ్చు, బ్యాకప్‌లో వెతుక్కోవడం కష్టమవుతుంది. ఏడాది దాటిన ఫోల్డర్‌లో ఇక మార్పు ఉండదు, ఒకసారి బ్యాకప్ తీస్తే అయిపోయింది.

ఎస్ఎస్‌డీ ఉండి, రోజూ క్లౌడ్‌కి గానీ ఆఫీసులోని ఇంకో మెషీన్‌కి గానీ ఆటోమేటిక్ బ్యాకప్ నడుస్తూ, అకౌంట్ ఐమ్యాప్ అయితే మెయిల్‌డిర్ హాయిగా వాడుకోవచ్చు. పాప్‌లో ఏకైక కాపీని మాత్రం మెయిల్‌డిర్‌కి అప్పగించమని నేను చెప్పను. డిఫాల్ట్ కాని దారిలో నడిచేవాళ్లు తక్కువ, అందులోని గుంతలు అంత త్వరగా పూడవు.

విండోస్‌లో క్లాసిక్ ఔట్‌లుక్ వాడేవాళ్లకి ఈ ఎంపికే లేదు, పీఎస్‌టీ లేదా ఓఎస్‌టీ ఫైలే.

పెట్టుకునే వరస

కొత్త అకౌంట్ అయితే, దాన్ని చేర్చేముందే సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ కిందికి వెళ్లి ఇండెక్సింగ్ భాగం చూడండి. కొత్త అకౌంట్లకి మెసేజ్ స్టోర్ టైప్ అని ఉంటుంది. ఫోల్డర్‌కి ఒక ఫైలు అంటే ఎంబాక్స్, మెసేజ్‌కి ఒక ఫైలు అంటే మెయిల్‌డిర్. ఎంచుకుని, అప్పుడు అకౌంట్ చేర్చండి. చేర్చాక సర్వర్ సెట్టింగ్స్ పేజీ చివర మెసేజ్ స్టోరేజ్ దగ్గర మీరు కోరుకున్నదే పడిందో లేదో చూసుకోండి. వాడకంలో ఉన్న అకౌంట్‌కి ఆ గడి మామూలుగా మారదు.

ఉన్న ఐమ్యాప్ అకౌంట్‌ని మార్చాలంటే తీసేసి మళ్లీ చేర్చడమే సులువు. తీసేముందు ఆ అకౌంట్ ఫోల్డర్‌లో ఎంఎస్‌జీ ఫిల్టర్ రూల్స్ అనే ఫైలు కాపీ చేసుకోండి. మీరు పెట్టుకున్న ఫిల్టర్లన్నీ అందులోనే ఉంటాయి, లేకపోతే మొదటి నుంచి రాసుకోవాలి. మళ్లీ దిగడానికి డేటా బాగా అవుతుంది, వైఫై ఉన్నచోట చేయండి.

పాప్ అయితే తొందరపడొద్దు. థండర్‌బర్డ్ మూసేసి ప్రొఫైల్ మొత్తాన్ని రెండు చోట్ల కాపీ చేయండి. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది గానీ 2 జీబీ దాటిన ప్రొఫైల్‌కి అది పనికిరాదు, చేత్తో కాపీ చేయాల్సిందే. తర్వాత పాత మెయిల్స్‌ని ఏడాది ఏడాదిగా లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసి, రెండువైపులా మెయిల్స్ సంఖ్య సరిపోయిందో చూడండి. సరిపోయాకే అకౌంట్ తీసేయండి. మెసేజ్ డేటా కూడా తీసేయాలా అని అడిగే గడికి టిక్ పెట్టొద్దు. మళ్లీ చేర్చినప్పుడు సర్వర్‌లో మిగిలి ఉన్న మెయిల్స్ రెండోసారి దిగుతాయి. ఏవి ఇదివరకే దించుకుందో థండర్‌బర్డ్ రాసి పెట్టుకునే పాప్‌స్టేట్ ఫైలు పాత అకౌంట్‌తో పోవడమే కారణం.

కన్ఫిగ్ ఎడిటర్‌లో దాగి ఉన్న ఒక స్విచ్‌తో ఉన్న అకౌంట్‌నే నేరుగా మార్చే వీలూ ఉంది. ఆఫీసు మెయిల్ మీద దాన్ని ప్రయోగించకండి.

చివరి పని, చాలామంది వదిలేసేది. బ్యాకప్‌ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్కడ థండర్‌బర్డ్ వేసి, మూసి, ఎంబాక్స్ అయితే బ్యాకప్‌లోని 21-2024 లాంటి ఒక ఫైల్ని దాని ప్రొఫైల్‌లోని మెయిల్, ఆ లోపల లోకల్ ఫోల్డర్స్ ఉన్నచోట పెట్టి మళ్లీ తెరవండి. ఎడమపక్క ఆ ఫోల్డర్ కనిపించాలి. మెయిల్‌డిర్ అయితే జిప్ విప్పి, ఏదో ఒక మెయిల్ ఫైల్ని థండర్‌బర్డ్‌తో తెరవండి. రెండింట్లోనూ మెయిల్ తెరుచుకుంటే సరిపోదు. అందులోని పీడీఎఫ్ అటాచ్‌మెంట్ ఒకటి నొక్కి, బిల్లు నంబరు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.